దగ్గు ఆపుకున్న శుక్రవారాలు

మొన్న ఇక్కడ కువైత్‌లో, ఎగైలాలోని ఒక మాల్‌లో, నా స్నేహితురాలు లోపల చెప్పులు ఎంచుకుంటూ ఉండగా, నేను బయట బెంచీ మీద కూర్చుని ఫోనులో ఒక వీడియో తెరిచాను. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపినది. ఇంగ్లండులోని ఒక నగరానికి కొత్తగా మేయరైన మహిళ అక్కడి వృద్ధాశ్రమాన్ని చూడడానికి వచ్చిన దృశ్యం అది. మెడలో వెడల్పాటి బంగారు రంగు గొలుసు, దాని చివర నగర చిహ్నం. ఆమె కోసం గది మధ్యలో ఒక కుర్చీ వేసి ఉంచారు. ఆమె ఆ కుర్చీని దాటుకుని నేరుగా కిటికీ దగ్గరకు నడిచారు. గడియ తీసి, రెక్కను అరచేత్తో బయటికి నెట్టి, ఒక్క క్షణం అక్కడే నిలబడి, ఆ తర్వాతే ఇటు తిరిగి అందరినీ పలకరించారు. అప్పటికి ఆమె ముఖం సరిగా కనిపించనే లేదు. జుట్టు పూర్తిగా నెరిసిపోయి ఉంది. అయినా కిటికీని నెట్టిన ఆ చేతిని చూసి నేను ఆమెను గుర్తుపట్టాను.

వీడియో కింద ఒక పత్రిక రాసిన నాలుగు మాటలు ఉన్నాయి. కువైత్ నుంచి వలస వచ్చిన ఈ ప్రజారోగ్య వైద్యురాలు మొదట నగర కౌన్సిలర్‌గా, ఇప్పుడు మేయర్‌గా ఎన్నికయ్యారనీ, ప్రతి శనివారం మార్కెట్ భవనం మెట్ల దగ్గర ఒంటరిగా నిలబడి, ఎవరైనా వచ్చి మాట్లాడతారేమోనని ఎదురుచూడడం ఆమె అలవాటనీ రాశారు. అది ఆ విలేకరికి వింతగా తోచినట్టుంది. నాకు తోచలేదు.

గ్రూపులో మాత్రం అభినందనలు వరుసకట్టాయి. 'మన రాయచోటి ఆడబిడ్డ' అని ఒకరు. 'మా హాలుకు ఎన్నోసార్లు వచ్చిన డాక్టరమ్మ' అని మరొకరు. 'మా కుటుంబానికి ఎంతో ఆప్తురాలు' అని ఇంకొకరు. ఆ 'ఆప్తురాలు' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అది రాసిన మనిషి ఒకప్పుడు ఆమె మెట్లెక్కి వస్తుంటే వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నవాడు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ రోజుల్లో మాలో ఎవ్వరమూ ఆమెను పేరుతో పిలవలేదు. ఎదురుగా ఉంటే డాక్టరమ్మ గారు. వెనకాల, పంపించే డాక్టరు.

ఈ రెండో పేరుకు కారణం చెప్పాలి. కువైత్‌లో బతకడానికి మాకు ఇఖామా కావాలి. అంటే ఈ దేశంలో నివసించడానికిచ్చే అనుమతి. ఊపిరితిత్తుల ఎక్స్‌రే శుభ్రంగా ఉంటేనే ఆ అనుమతి చేతికొస్తుంది. క్షయ ఉందని తేలితే, అప్పటి పద్ధతి ప్రకారం, కొంత వైద్యం చేసి స్వదేశానికి పంపేసేవారు. ఆమె అంటువ్యాధులను కనిపెట్టే ప్రభుత్వ విభాగంలో పనిచేసేవారు. మా దృష్టిలో ఆమె చేతిలో ఉన్నది స్టెతస్కోపు కాదు, విమానం టిక్కెట్టు.

అందుకే మావాళ్ళు ఎన్నో ఉపాయాలు కనిపెట్టుకున్నారు. ఎక్స్‌రేకు ముందు కొన్నాళ్ళు పాలూ అరటిపళ్ళూ తప్ప మరేమీ తినకపోతే ఊపిరితిత్తులు తెల్లగా కడిగినట్టు అవుతాయని గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఆడవాళ్ళలో గట్టి నమ్మకం ఉండేది. ఈ వైద్యం సంగతి ఎలాగో డాక్టరమ్మ చెవిన పడింది. ఆ వారం ఆమె మా హాలులో అందరి ముందూ అన్న మాట నాకింకా గుర్తుంది.

"అరటిపండు కడుపులోకి పోతాది మే. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ఎక్స్‌రే బాగుంటాదేమో గానీ, మనిషి ఉండడు."

ఎవ్వరూ నవ్వలేదు. నవ్వాలని ఉన్నవాళ్ళు కూడా పక్కవాళ్ళ ముఖాలు చూసి ఊరుకున్నారు.

మా హాలు అంటే అబ్బాసియాలో ఒక పాత భవనం మూడో అంతస్తులోని రెండు గదులు. ఇక్కడ శుక్రవారమే సెలవు కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, డ్రైవర్లు, నర్సులు, నాలాగా ఆఫీసుల్లో కాగితాలు సర్దుకునేవాళ్ళు, అందరం కలిసి పాడుకుని, ప్రార్థించుకుని, నేల మీద బట్ట పరుచుకుని అన్నం తినేవాళ్ళం. ఆమె ముస్లిం. మధ్యాహ్నం నమాజు ఇంట్లోనే ముగించుకుని, గోధుమరంగు దుపట్టా తల మీద వేసుకుని, సరిగ్గా మా భోజనాల వేళకు వచ్చేవారు. మా దగ్గరికి రాని శుక్రవారాల్లో తన ఊరి డ్రైవర్లు ఉండే గదులకు వెళ్ళేవారని తర్వాత తెలిసింది. ఉద్యోగంలో ఎవరూ ఆమెను ఈ పని చేయమనలేదు. తన సెలవు రోజును తానే అలా ఖర్చు పెట్టుకున్నారు.

మొదటిసారి వచ్చినప్పుడు కూర్చోమని మా పాస్టరు అయ్యగారు కుర్చీ చూపించారు. ఆమె కిటికీ దగ్గరకు వెళ్ళారు. అంతకుముందు పక్కనే ఇరాక్‌లో జరిగిన యుద్ధం రోజుల్లో, విషవాయువు వస్తుందన్న భయంతో ఆ కిటికీ అంచులకు వెడల్పాటి టేపు అంటించాం. యుద్ధం అయిపోయినా, సైరన్లు ఆగిపోయినా, ఆ టేపును పీకాలని ఎవరికీ తోచలేదు. ఆమె గోటితో దాని కొసను లేపుతూ అడిగారు.

"ఈ గాలి ఎన్నాళ్ళ నాటిది అయ్యగారూ?"

అయ్యగారికి అర్థం కాలేదు. "ఏసీ ఉందండీ, కొత్తదే," అన్నారు.

"ఏసీ కొత్తదే. గాలే పాతది."

టేపు పూర్తిగా ఊడదీసి, కిటికీ తెరిచి, వేడిగాలి ముఖానికి కొడుతున్నా కదలకుండా నిలబడ్డారు. ఆ తర్వాత ఏ గదికి వెళ్ళినా ఇదే ప్రశ్న. మా పాటల బృందంలో డోలక్ వాయించే రాజోలు డ్రైవరు ఆమె వెళ్ళిపోయాక అచ్చం ఆమెలాగే దుపట్టా సర్దుకుంటూ ఈ మాట అని అందరినీ నవ్వించేవాడు. అతనిదే ఇంకో మాట కూడా మాలో బాగా ప్రచారమైంది.

"ఆవిడొత్తే చాలండి. జలుబు కూడా ఇఖామా చూపించుకుని బయటికెల్లిపోద్ది."

అది వేళాకోళం అయినా నిజమే. ఆమె గుమ్మంలో కనిపించగానే హాలులో దగ్గులు ఆగిపోయేవి. ఎవరికైనా గొంతులో గరగర వస్తే నీళ్ళు తాగేవారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవారు, పిల్లల వీపు మీద నెమ్మదిగా తట్టేవారు. అన్నం పొలమారినా దగ్గడానికి భయపడి కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఒక పెద్దమనిషిని నేను చూశాను. దగ్గు వినడమే పనిగా పెట్టుకున్న మనిషి ఎక్కడికి వెళ్ళినా ఆమె చుట్టూ ఒక వింత నిశ్శబ్దం ఉండేది.

ఆమె పక్కన నిలబడే పని నాకు అప్పగించారు. మా కుటుంబంలో కళాశాలలో అడుగుపెట్టిన మొదటి మనిషిని నేను. ఆ డిగ్రీ మా పిన్ని కువైత్ ఇళ్ళలో గచ్చు కడిగి నాకు తెచ్చిపెట్టినది. "నువ్వైతే ఆవిడతో మర్యాదగా మాట్లాడగలవమ్మా, చదువుకున్నదానివి," అన్నారు అయ్యగారు. గౌరవించారని అనుకున్నాను. నిజానికి ఆమెకూ మిగిలినవాళ్ళకూ మధ్య ఒక మనిషిని అడ్డం పెట్టుకున్నారు.

ఆమె ఎవరి ముఖమూ తిన్నగా చూసేవారు కాదు. మెడ కింద, భుజాల ఎముకల దగ్గర చూపు నిలిపి మాట్లాడేవారు. ఖర్జూరం పండును ఎప్పుడూ కొరికేవారు కాదు. రెండుగా చీల్చి, లోపల పరీక్షగా చూసి, ఒక సగం నాకిచ్చి, రెండో సగం తాను తినేవారు. నాతో తప్ప ఇంకెవరితోనూ అలా పంచుకోవడం నేను చూడలేదు. బహుశా ఇంకెవరూ అంత దగ్గరగా నిలబడి ఉండరు.

హాలులో ఆమె ఏ ఒక్కరినీ ఉద్దేశించి ఏమీ అనేవారు కాదు. దగ్గు రెండు వారాలు దాటితే, సాయంత్రం జ్వరం వస్తే, ఒళ్ళు తగ్గితే ఏం చేయాలో అందరికీ కలిపి చెప్పేవారు. చెప్పడం అయిపోయాక సెలవు తీసుకుని, మెట్లు దిగి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఉన్న మలుపులో ఆగిపోయేవారు. అక్కడే చాలాసేపు నిలబడేవారు. ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తే, చెత్త పారేయడానికో నీళ్ళ సీసాలు తేవడానికో దిగినట్టు దిగి, ఆ మలుపులో ఆమెతో రెండు మాటలు మాట్లాడిపోవచ్చు. ఎవరూ చూడరు. అది ఆమె ఆలోచన. నెలలు గడిచినా ఆ మలుపులోకి ఎవ్వరూ రాలేదు. ఆమె ఉన్నంతసేపూ మావాళ్ళు చెత్త కూడా పారేసేవారు కాదు. నేనూ ఆమే గోడకు ఆనుకుని, పైన పళ్ళేలు కడుగుతున్న చప్పుడు వింటూ నిలబడేవాళ్ళం.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మీరు పెద్ద ఆసుపత్రిలో ఉండి ఉంటే జనం మీ చుట్టూ తిరిగేవారు కదండీ. ఈ పని ఎందుకు ఎంచుకున్నారు?"

"ఆసుపత్రి డాక్టరు జబ్బు చేసినోళ్ళను చూస్తాడు. నేను ఇంకా జబ్బు చెయ్యనోళ్ళను చూస్తాను. అందుకే నాకు పేషెంట్లు లేరు అమ్మీ." ఖర్జూరం గింజను కాగితంలో చుట్టి చేతిసంచిలో వేసుకుంటూ నవ్వారు. "నా పని సరిగ్గా జరిగితే ఏమీ జరగదు. ఏమీ జరగలేదని ఎవరన్నా వచ్చి థాంక్సు చెప్తారా?"

"మీ ఊరివాళ్ళైనా..."

"మా ఊరోళ్ళా? నన్ను చూస్తే ఎండలో అయినా సరే అవతలి పక్క రోడ్డుకు పోతారు."

పిన్నికి ఆ సంవత్సరమే దగ్గు పట్టుకుంది. ఆమె సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసేది. కొత్తగా పుట్టిన మగబిడ్డను చూసుకోవడమే ప్రధానమైన పని. యజమానురాలిని ఇక్కడి పద్ధతిలో మామా, అంటే అమ్మా, అని పిలిచేది. బిడ్డను మాత్రం 'నా కొడుకు' అనేది. ఊళ్ళో ఆమె కూతురు నర్సింగ్ చదువు మధ్యలో ఉంది. మా చెల్లి ఆ చదువు పూర్తిచేయాలంటే పిన్ని ఇక్కడ ఉండి తీరాలి. ఇది మా ఇద్దరికీ తెలిసిన లెక్క. అందుకే ఆరాధనకు వచ్చిన శుక్రవారం నన్ను పక్కకు లాగి చెప్పింది.

"బుజ్జీ, ఆ డాక్టరమ్మతో మాటల్లో పడి నా దగ్గు సంగతి సెప్పేవు. నా మీద ఒట్టే."

"దగ్గు తగ్గడం లేదా పిన్నీ?"

"దుమ్మే బాబూ. దుమ్ముకి ఎవడికి రాదు దగ్గు? నువ్వు గమ్మునుండు."

నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. రెండు మూడు వారాల తర్వాత మలుపులో నిలబడి ఉండగా డాక్టరమ్మే అన్నారు.

"మీ పిన్ని నవ్వడం మానేసింది, గమనించినావా?"

గమనించలేదు. పిన్ని మా అందరిలోకి ఎక్కువగా నవ్వే మనిషి. ఆ డోలక్ డ్రైవరు ఏమన్నా మొదట పగలబడేది ఆమే.

"నవ్వితే దగ్గు వస్తాది. అందుకని మానేసింది. ఆ డోలక్ ఆయప్ప హాస్యమాడితే ఇప్పుడు లేచి వంటగదిలోకి పోతాంది."

"మరి మీరు ఆమెను అడగవచ్చు కదండీ," అన్నాను.

"నేను పోయి అడిగితే అది పోలీసు పని. ఆమె వచ్చి చెప్తే డాక్టరు పని." పై మెట్ల వైపు చూశారు. "కానీ ఆ ఇంట్లో పసిబిడ్డ ఉండాడు. శానా రోజులు ఎదురుసూడలేను అమ్మీ. వచ్చే శుక్రవారం దాకా సూస్తా."

ఆ వారమంతా షర్క్‌లోని మా ఆఫీసులో నా చేతులు పనిచేశాయే తప్ప మనసు అక్కడ లేదు. పిన్ని చెప్పకపోతే డాక్టరమ్మ తన నియమాన్ని తానే తప్పాలి. చెప్తే మా చెల్లి చదువు ఆగిపోతుంది. ఈ రెండింటిలో ఏది జరగాలని ప్రార్థించాలో నాకు తెలియలేదు. చివరికి పిన్నికి ఫోనులో చెప్పేశాను. డాక్టరమ్మ కనిపెట్టేశారనీ, అయినా తనంతట తాను అడగడం లేదనీ. పిన్ని ఫోన్ పెట్టేసింది.

తర్వాతి శుక్రవారం డాక్టరమ్మ చెప్పడం ముగించి మలుపులోకి దిగాక, పిన్ని భోజనాల మధ్యలో లేచింది. చేతిలో చెత్త సంచీ లేదు, నీళ్ళ సీసా లేదు. అందరూ చూస్తుండగా తలుపు తీసుకుని మెట్లు దిగింది. ఆ హాలు నుంచి ఆ మలుపులోకి దిగిన మొదటి మనిషి, నాకు తెలిసి చివరి మనిషి కూడా, మా పిన్నే.

నేను వెనకే వెళ్ళాను. ఆమె దిగుతూనే మొదలుపెట్టింది. "ఉందండీ నాకు దగ్గు. రాత్రుళ్ళు చెమటలూ పడుతున్నాయి. సెప్పేశాను. ఇప్పుడేం చేత్తారు? పంపేత్తారా?"

డాక్టరమ్మ ఆ రోజు మొదటిసారి ముఖంలోకి చూసి మాట్లాడారు. "ఉండాదని తేలితే పంపిస్తారు మే. అంటుకోకుండా అయ్యేదాకా ఈడ మందిచ్చి, తర్వాత పంపిస్తారు. పంపరని నేను చెప్తే అబద్ధం."

"మరి ఇంకెందుకండీ మీరు ఇక్కడ నిలబడేది? ఆపలేనోరు ఎందుకు రమ్మంటారు?"

డాక్టరమ్మ దుపట్టా కొసను వేలికి చుట్టుకున్నారు. పైన ఎవరో పాట అందుకుని మధ్యలో ఆపేశారు. మా మాటలు వినిపిస్తున్నాయని అర్థమైంది.

చివరికి పిన్నే అడిగింది.

"పిల్లోడికి అంటుకుంటదా?"

"అంటుకోవచ్చు. పసిబిడ్డలకు అది శానా చెడ్డది."

"నా భుజం మీదే నిద్దరోతాడండీ. వాళ్ళమ్మ దగ్గర పడుకోడు." పిన్ని మెట్టు మీద కూలబడింది. అన్నాళ్ళుగా ఆపుకున్న దగ్గంతా ఒక్కసారిగా వచ్చింది. ఆమె దగ్గుతున్నంతసేపూ డాక్టరమ్మ పక్కనే కూర్చుని వీపు మీద చెయ్యి వేసి ఉంచారు. దగ్గు ఆగాక పిన్ని కళ్ళు తుడుచుకుని అంది. "మామాకి నేను సెప్పలేను. సంపేత్తది."

"నేను వస్తా. నేను చెప్తా."

వెళ్ళారు. ఆ సాయంత్రమే ఆ ఇంటికి వెళ్ళి, యజమానురాలితో అరబీలో మాట్లాడి, పిన్నిని ఒక్క మాట అననివ్వకుండా ఆసుపత్రికి తీసుకుపోయారు. పిన్నికి క్షయేనని తేలింది. బిడ్డకు అంటలేదు. ముందుజాగ్రత్తగా మందు వేశారు. 'ఏమీ జరగకపోవడం' అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ బిడ్డకు ఏమీ జరగలేదు. ఆ కుటుంబం నుంచి ఎవరూ వచ్చి పిన్నికి గానీ డాక్టరమ్మకు గానీ కృతజ్ఞత చెప్పలేదు.

పిన్ని ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడేవారు. పిన్ని గోడ వైపు తిరిగి పడుకునేది. తర్వాత ఇఖామా రద్దు చేశారు. విమానాశ్రయంలో నేను ఏడుస్తుంటే పిన్ని అంది, "ఖలాస్ బుజ్జీ. అయిపోయింది. మా చిన్నదానికి నువ్వు సెప్పు. నేను సెప్పలేను." చెప్పాను. మా చెల్లి నర్సింగ్ చదువు ఆ ఏడాది ఆగింది, మళ్ళీ మొదలుకాలేదు. నా జీతంలోంచి పంపగలిగినంత పంపాను గానీ అది చాలలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి ఊళ్ళో ఒక మందుల దుకాణంలో పనిచేస్తోంది.

ఇక మా హాలులో కోపం కట్టలు తెంచుకుంది. తనంతట తాను వెళ్ళి చెప్పిన మనిషినే పంపేశారు, ఇక దాచినవాళ్ళను వదులుతారా అన్నారు. డోలక్ డ్రైవరు కూడా వేళాకోళం మానేశాడు. ఒక శుక్రవారం ఆరాధన మొదలుకాకముందే అయ్యగారు నన్ను పిలిచారు.

"ఆవిడని కొన్నాళ్ళు రావద్దని చెప్పమ్మా. జనం రావడం మానేస్తున్నారు. నువ్వైతే నొప్పించకుండా చెప్పగలవు."

మళ్ళీ నా చదువే పనికొచ్చింది. భవనం కింద, ఆమె మెట్లెక్కకముందే ఎదురెళ్ళి నిలబడ్డాను. ముందుగా సిద్ధం చేసుకున్న మాటలన్నీ చెప్పాను. హాలు మరమ్మతులో ఉన్నదనీ, పరిస్థితులు చక్కబడ్డాక కబురు చేస్తామనీ, మీ సేవలకు సంఘం ఎంతో రుణపడి ఉన్నదనీ. ఆమె తల ఎత్తి మూడో అంతస్తు వైపు చూశారు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

"బాగా చెప్పినావు అమ్మీ," అన్నారు. "ఎవరికీ నొప్పి కలక్కుండా చెప్పినావు." ఆ తర్వాత నా తల నిమిరి, ఎండలో బస్సు స్టాపు వైపు నడిచివెళ్ళారు. ఆమె కారులో తిరగకుండా బస్సులో వచ్చేవారని నేను గమనించింది ఆ రోజే.

ఆ తర్వాత ఇంచుమించు రెండేళ్ళకు ఇంగ్లండు వెళ్ళిపోతున్నానని డాక్టరమ్మ మా ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పారు. ఆమె ఫ్లాటుకు నేనొక్కదాన్నే వెళ్ళాను. సామాన్లు సర్దేశారు. గదులన్నీ ఖాళీగా ఉన్నాయి, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, సన్నటి ఇసుక లోపలికి వచ్చి గచ్చు మీద పడుతోంది. ఇంకెవరైనా వచ్చారా అని నేను అడగలేదు. రెండు కప్పులు మాత్రం సర్దకుండా బయట ఉంచారు. వాటిలో టీ పోసి, నిలబడే తాగారు.

"ఎందుకు వెళ్ళిపోతున్నారండీ?"

"ఆడ దగ్గినందుకు మనిషిని పంపించరంట అమ్మీ," అన్నారు. చిన్నపిల్ల తిరునాళ్ళకు పోతున్నట్టుగా ఉంది ఆ గొంతు. "ఆడే ఉంచి మందిస్తారంట. అట్లాంటి చోట ఒకసారి పనిచేసి సూడాల."

అంతే. ఆ తర్వాత ఆమె కబురు ఈ వీడియోతోనే నాకు తెలిసింది.

మాల్ నుంచి గదికి వచ్చి పిన్నికి వీడియో కాల్ చేశాను. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆ వీడియోలోంచి ఒక ఫోటో తీసి పంపి చూడమన్నాను. కళ్ళజోడు తెచ్చుకుని చూసింది.

"ఎవరే ఈవిడ? మెళ్ళో అంత గొలుసేంటే?"

"మేయర్ గొలుసు పిన్నీ. మన డాక్టరమ్మ గారు. అక్కడ నగరానికి పెద్దయ్యారు."

పిన్ని ఫోటోను పెద్దది చేసి చూస్తున్నట్టుంది.

"పక్కన ఎవరూ లేరేంటే? అంతమంది జనంలో కూడా ఒక్కద్దే ఉంది."

"అభినందనలు చెబుతూ అందరూ రాస్తున్నారు పిన్నీ. ఎంతో ఆప్తురాలని కూడా రాశారు."

"ఆప్తులంట! ఆల్ల మొహాలు." గింజ ఒకటి విసిరేసింది. "నీకు సెప్పలేదు గానీ, నన్ను పంపేశాక ఆవిడ నాకు ఫోన్ చేసేది."

"ఎప్పుడు?"

"ప్రతి శుక్రవారం. పక్కింటోళ్ళ ఫోనుకి. మందులు వాడినన్నాళ్ళూ చేసింది. ఆసుపత్రిలో నంబరు తీసుకుందిలే."

"ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"ఏం మాటాడతాం? నాకు ఒళ్ళు మండిపోయేది ఆ గొంతు వింటుంటే. పిల్ల సదువాగిపోయి ఇంట్లో కూర్చుంది కదా ఎదురుగా. బిళ్ళలు పట్టుకునే ఎల్లేదాన్ని. 'యేసుకో మే, నాకు ఇనపడాల' అనేది. యేసుకుని నీళ్ళు తాగేదాన్ని. ఆ గుటక వినేది. విని, 'తిన్నావా మే?' అని అడిగేది."

"నువ్వేమనేదానివి?"

"పెట్టేసేదాన్ని."

"ఒక్కసారి కూడా..."

"ఒక్కసారి కూడా మాటాడలేదే. మళ్ళీ శుక్రవారం చేసేది. మళ్ళీ అదే అడిగేది."

మా హాలు తలుపులు ఆమెకు మూసేసిన శుక్రవారాలు అవి. మేము పైన పాడుకుంటూ అన్నాలు తింటున్న వేళకు ఆమె తన ఫ్లాటులో కూర్చుని, సముద్రం అవతల కోపంగా ఉన్న ఒక మనిషి మంచినీళ్ళు మింగుతున్న చప్పుడు వింటూ ఉండేవారన్నమాట. ఆ సంగతి ఆమె వీడ్కోలు రోజున కూడా నాకు చెప్పలేదు.

"ఇప్పుడు మనం ఫోన్ చేస్తే ఎత్తుద్దా?" అని అడిగింది పిన్ని.

"నంబరు తెలియదు పిన్నీ. ఆఫీసు చిరునామాకు రాస్తే చూస్తారేమో."

"అయితే రాయి."

"ఏమని రాయను? నీ తరఫున కూడా అభినందనలు చెప్పమంటావా?"

"అభినందనలు నువ్వు సెప్పుకో. నాకింకా కోపం పోలేదు." పిన్ని చింతపండు పళ్ళెం పక్కకు నెట్టి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "తిన్నానని రాయి."